సిల్ఫ్రాకి వెళ్తున్న చిన్నీకి

చిన్నీ తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, అది కూడా నీ దారే పట్టింది" అని కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఐస్‌లాండ్‌లో నీళ్లు నిండిన సిల్ఫ్రా చీలికలో, మొహం నీళ్లలో పెట్టి గొట్టంతో ఊపిరి పీలుస్తూ ఈదించే స్నార్కెలింగ్‌కి గైడ్‌గా నీకు పని దొరికిందని, వచ్చే నెలలోనే వెళ్తున్నావని తర్వాత మెల్లగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక నిద్ర పడితే ఒట్టు. నా చేతుల్లో పెరిగిన పిల్ల నేను పని చేసిన నీళ్లలోనే పని చేయబోతోందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది. అందుకే తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను.

కాటన్ బట్టల మీద డ్రైసూట్, అదే నీళ్లు లోపలికి రానివ్వని సూట్, వేయకూడదని, లోపల ఉన్ని థర్మల్స్, మందపాటి సాక్స్ ఉండాలని నీకు ట్రైనింగ్‌లో చెప్తారు. కళ్లజోడు మీద మాస్క్ కూర్చోదు, కాబట్టి కాంటాక్ట్ లెన్స్ తెచ్చుకోమని వచ్చేవాళ్లకి బుకింగ్ అప్పుడే గుర్తుచెయ్యి. ఒక గైడ్‌కి ఆరుగురు మించకూడదని, 12 ఏళ్ల లోపు పిల్లల్ని దింపకూడదని, ఈత రానివాళ్లని తీసుకెళ్లకూడదని అక్కడ రూల్స్ ఉన్నాయి. ఎవరు ఎంత బతిమాలినా వాటి దగ్గర మెత్తబడకు. ఇవన్నీ నీకు తెలిసినవే, వీటి గురించి ఇంతకంటే రాయను.

ఆ నీళ్లు మాత్రం నువ్వు ఎన్ని ఫోటోల్లో చూసినా సరే, మొదటిరోజు నీ నోట మాట రాదు. లాంగ్‌యోకుల్ హిమానీనదం కరిగిన నీరు లావా రాళ్లలోంచి కొన్ని దశాబ్దాల పాటు ఇంకుతూ, వడగట్టుకుంటూ వచ్చి అక్కడ పైకి ఊరుతుంది. చూపు 100 మీటర్ల దాకా ఆగకుండా వెళ్తుంది. భూమి పైపొరలోని రెండు పెద్ద పలకలు, ఉత్తర అమెరికా పలక, యురేషియా పలక, ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్న చోటు అది. 1789 భూకంపాల్లో ఆ చీలిక తెరుచుకుంది. రాళ్ల మీద ఆకుపచ్చ నాచు జుట్టులా ఊగుతూ ఉంటుంది. దాహం వేస్తే ఈదుతూనే నోటితో ఆ నీళ్లు తాగొచ్చు. నేను ఆరు సీజన్లు పని చేశాను, ఒక్క రోజు కూడా మొహం మొత్తలేదు ఆ నీలం చూసి.

కానీ నీళ్లు అంత తేటగా ఉండటమే కొందరికి ఇబ్బంది. మొహం నీళ్లలో పెట్టగానే కింద లోయ కనిపిస్తుంది. ఎత్తు అంటే భయం ఉన్నవాళ్లు గాల్లో వేలాడుతున్నట్టు గాభరా పడతారు. అలాంటివాళ్ల చెయ్యి పట్టుకుని, దూరంగా ఉన్న ఏదో ఒక రాయిని చూపించు. కాసేపటికి సర్దుకుంటారు.

ఇక చలి. ఏడాది పొడవునా అక్కడి నీళ్లు 2 నుంచి 4 డిగ్రీలే. అదే చల్లదనం ఉన్న గాలి కంటే నీళ్లు సుమారు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తాయి. సూట్ లోపల ఒళ్లు పొడిగా ఉన్నా గ్లోవ్స్, హుడ్ తడుస్తాయి, పెదాల చుట్టూ చర్మానికి ఏ కప్పూ ఉండదు. మొహానికి చల్లటి నీరు తగలగానే ఊపిరి ఎగబీల్చుకుపోతుంది, గుండె దడదడలాడుతుంది. అదే సమయంలో మొహం మునిగింది కాబట్టి ఇంకో నరాల దారి గుండెని నెమ్మదించమంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఈ రెండింటినీ తట్టుకుంటుంది. అన్ని గుండెలూ తట్టుకోలేవు. అందుకని మెట్ల దగ్గరే మెడ లోతులో నిలబెట్టి, మొహం ముంచి తీయించి, ఊపిరి మామూలుగా ఆడేదాకా ఎవరినీ కదలనివ్వకు. మొదటి రెండు మూడు నిమిషాలు నువ్వు తొందరపడకపోతే సగం ప్రమాదాలు అక్కడే ఆగిపోతాయి.

బీపీ, గుండె జబ్బు, ఆస్తమా గురించి ఫారంలో రాయించుకుంటారు. ఆ ఫారాన్ని పూర్తిగా నమ్మకు తల్లీ. ఎంతో దూరం నుంచి డబ్బులు పెట్టుకుని వచ్చినవాళ్లు 'లేదు' అనే గడిలోనే టిక్ పెడతారు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, దిగనివ్వరేమోనని భయం. అందరి ముందూ అడిగితే ఎవరూ చెప్పరు. సూట్ జిప్ వేసేటప్పుడు దగ్గరికి వెళ్లి, మిగతావాళ్లకి వినపడకుండా, "రోజూ ఏమైనా మందులు వేసుకుంటారా?" అని అడుగు. జబ్బు ఉందా అంటే లేదంటారు, మందులు అంటే చెప్తారు. నీళ్లలో ఎవరికైనా ఆగకుండా దగ్గు, ఆయాసం మొదలైతే నీళ్లు మింగారులే అని వదిలెయ్యకు. చన్నీళ్లలో కొందరికి ఒంట్లోని నీరే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వెంటనే బయటికి తీసుకురా.

ఇప్పుడు చెప్పబోయేది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నా మూడో సీజన్. అక్టోబరు, మధ్యాహ్నం రెండో ట్రిప్. గాలి విపరీతంగా ఉంది. నా గ్రూపులో ఒక తండ్రీ కూతురూ ఉన్నారు. ఆయనకి 50 దాటి ఉంటాయి, నెమ్మదస్తుడు. ఆ అమ్మాయి పుట్టినరోజు కోసం వచ్చారు. సూట్‌లు వేయించాను, నీళ్లు రాకుండా మెడని బిగించి పట్టే సీల్స్ అన్నీ చూశాను. మణికట్టు సీల్స్ చూస్తూ వస్తుంటే మా వెనక ఇంకో గ్రూపు నిలబడి ఉంది, చలికి కాళ్లు ఆడిస్తున్నారు. నేను దగ్గరికి వెళ్లేసరికే ఆయన గ్లోవ్స్ తొడుక్కుని కూర్చున్నాడు. "అంతా ఓకేనా?" అన్నాను. "ఓకే" అన్నాడు. గ్లోవ్ తీసి చూసి మళ్లీ తొడగాలంటే రెండు నిమిషాలు పడుతుంది. నేను తీయలేదు.

నీళ్లలో దిగాక మొదటి చీలికలో వెనక్కి తిరిగి ఓకే సైగ అడిగాను. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు. కాస్త ముందుకెళ్లాక మళ్లీ అడిగాను, మళ్లీ చూపించాడు. కూతురు కింద నాచుని, రాళ్లని చూపిస్తూ చిన్నపిల్లలా కాళ్లు కొడుతోంది. కెథెడ్రల్ అని పిలిచే ఆ పెద్ద లోతు మీదకి వచ్చాక మూడోసారి అడిగాను. ఆయన చెయ్యి ఎత్తాడు. చిన్నీ, ఈసారి ఆ రెండు వేళ్లూ కలవలేదు. సున్నా మధ్యలో బెత్తెడు ఖాళీ. నేను చూశాను. చూసి కూడా దాన్ని ఓకే అనే అనుకుని ముందుకి తిరిగాను.

దారి చివర లగూన్ అనే మడుగు దగ్గర ఎడమవైపు తిరగాలి కదా. తిరగకపోతే నీళ్లు నెమ్మదిగా పెద్ద సరస్సు వైపు తీసుకెళ్లిపోతాయి. ఐదుగురు తిరిగారు. ఆయన నేరుగా పోతున్నాడు, కాళ్లు కదలడం లేదు. ఈదుకుంటూ వెళ్లి పట్టుకుని లాక్కొచ్చాను. మెట్ల దగ్గర ఇనుప కమ్మీ పట్టుకోమంటే వేళ్లు ముడుచుకోలేదు, మోచేతులు తగిలించి పైకి ఎక్కాడు. మాట ముద్దముద్దగా వస్తోంది. వ్యాన్‌లో గ్లోవ్ తీశాను. మణికట్టు సీల్ కింద నుంచి లోపలి థర్మల్ చొక్కా చెయ్యి ఒక అంగుళం బయటికి వచ్చి ఉంది. దీపంలో వత్తి నూనెని పీల్చినట్టు ఆ గుడ్డ నీళ్లని పీల్చి పైకి పంపుతూనే ఉంది. భుజం, ఛాతీ, నడుము దాకా తడిసిపోయింది.

తడి బట్టలు తీసి, దుప్పట్లు చుట్టి, హీటర్ పెట్టి కూర్చోబెట్టాం. వణుకు తగ్గడానికి గంట దాకా పట్టింది. దేవుడి దయ వల్ల కోలుకున్నాడు. "నాన్నా, చలేస్తోందని ఎందుకు చెప్పలేదు?" అని కూతురు ఏడ్చింది. "నువ్వు అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పనే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, మీ ట్రిప్ పాడుచేశాను, సారీ అన్నాడు. తప్పు నాది, సారీ ఆయనది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

ఆ తర్వాత మిగిలిన సీజన్లన్నీ ఎవరి గ్లోవ్స్ వాళ్లని తొడుక్కోనివ్వలేదు. ప్రతి మణికట్టు చుట్టూ నా వేలు తిప్పి, గుడ్డ గానీ దారం గానీ లేదని చూసుకుని, నేనే తొడిగాను. మెడ దగ్గర కూడా అంతే. ఒక్క వెంట్రుక పాయ సీల్ కింద ఇరుక్కున్నా నీళ్లు లోపలికి దారి చేసుకుంటాయి. వెనక ఎన్ని గ్రూపులు నిలబడినా నిలబడనీ. దారి మధ్యలో ఓకే సైగ ఒక్కటే అడగకు, బొటనవేలితో చిటికెనవేలిని తాకించమను. తాకలేకపోతే చెయ్యి గడ్డకడుతోందని అర్థం, అప్పుడే వెనక్కి తిప్పు. దిగే ముందు అందరితో ఒక మాట అను: "చలేస్తోందని మొదట చెప్పినవాళ్లని నేను మెచ్చుకుంటాను." చిన్న మాటే గానీ, అది విన్నాక దాచుకునేవాళ్లు తగ్గుతారు. నేను అనుభవంతో చెప్తున్నాను.

బయటికి వచ్చాక పని అయిపోయిందనుకోకు. పార్కింగ్ దాకా గాలిలో నడవాలి, శీతాకాలంలో గాలి నీళ్లకంటే చల్లగా ఉంటుంది. బాగా చల్లబడినవాళ్లని పరుగెత్తించకు, చేతులు కాళ్లు రుద్దకు, వేడినీళ్ల స్నానానికి పంపకు. చేతుల్లో కాళ్లలో ఉన్న చల్లటి రక్తం ఒక్కసారిగా గుండెకి చేరితే ఇంకా ప్రమాదం. పొడిబట్టలు వేసి, వెచ్చగా కూర్చోబెట్టి, వేడి చాక్లెట్ ఇవ్వు.

ఇంత రాశాక నీ మీద కోపం కూడా వస్తోంది. ఎందుకంటే నువ్వూ ఆయనలాంటిదానివే. ఎనిమిదేళ్లప్పుడు స్విమ్మింగ్ పూల్‌లో పెదాలు నేరేడుపండులా అయిపోయి, పళ్లు టకటకలాడుతుంటే "చలి లేదు పెద్దమ్మా, ఇంకొక్కసారి" అనేదానివి. నేను ఎత్తుకొచ్చి తువ్వాలులో చుడితే ఒళ్లంతా వణుకుతూ కూడా నవ్వేదానివి. అప్పుడు ముద్దొచ్చింది. ఇప్పుడు ఆ మొండితనం తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. రోజుకి మూడు ట్రిప్‌లు వేస్తే మూడోదాంట్లో చలి నీకే ముందు ఎక్కుతుంది, నీ వేళ్లకే స్పర్శ పోతుంది. ఆ వేళ్లతో ఎవరి సీల్ చూస్తావు? మధ్యలో తిను, గ్లోవ్స్ మార్చుకో. ఒంట్లో బాగాలేని రోజు నోరు తెరిచి చెప్పు, ఇంకో గైడ్‌ని పంపమని అడుగు. అలా అడిగినందుకు పని పోతే పోనీ, ఇంటికి వచ్చెయ్యి, నేనున్నాను.

నా పాత ఉన్ని సాక్స్ రెండు జతలు మీ అమ్మకి ఇచ్చి పంపిస్తున్నాను. మడమల దగ్గర కుట్లు వేశాను, ఇంకా గట్టిగానే ఉన్నాయి.

మొదటి ట్రిప్ అయిన సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి. అంతా ఓకే పెద్దమ్మా అనొద్దు. మెట్లు ఎక్కి బయటికి వచ్చాక నీ బొటనవేలు చిటికెనవేలిని తాకిందో లేదో, అది చెప్పు.

నీ పెద్దమ్మ