లాటు ఎంత? ఉండ ఎంత? విశాఖ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగం డాలరు గురించి, సగం చాక్లెట్ ఉండల గురించి. డబ్బు ప్రశ్నలకు మా పొదుపు శీర్షికవారు, మిగతావాటికి వంట శీర్షికవారు జవాబిస్తున్నారు.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ఒకాయన పరిచయమయ్యారు. పదివేలు కడితే తమ యాప్‌లో యూరో–డాలర్ ట్రేడింగ్ నేర్పిస్తామంటున్నారు. ఒకటికి ఐదొందల రెట్లు లివరేజి ఇస్తారట. మొదలుపెట్టొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం

వద్దు. డబ్బు పోవడం తర్వాతి సంగతి, ముందు అది చట్టానికే విరుద్ధం. 1999 నాటి ఫెమా (విదేశీ మారక నిర్వహణ) చట్టం ప్రకారం మన దేశంలో ఉండేవాళ్లు విదేశీ కరెన్సీ లావాదేవీలు అధీకృత బ్యాంకులు, డీలర్ల ద్వారానో, రిజర్వ్ బ్యాంకు అనుమతించిన వేదికల మీదో, ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ లాంటి గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీల్లోనో మాత్రమే చేయాలి. విదేశీ యాప్‌లో ఫారెక్స్ (విదేశీ కరెన్సీ) ట్రేడింగ్‌కి మార్జిన్, అంటే ముందుగా కట్టే పూచీ సొమ్ము, ఇక్కడి నుంచి పంపడం నిషిద్ధం. ఉల్లంఘిస్తే, చేతులు మారిన మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడొచ్చు. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో ఒక అలర్ట్ లిస్టు ప్రకటించింది, తర్వాత మరికొన్ని పేర్లు చేర్చింది. ఆ జాబితాలో మీ యాప్ పేరు లేనంత మాత్రాన దానికి అనుమతి ఉన్నట్టు కాదు.

ఇక ఐదొందల రెట్ల లెక్క చూడండి. మీ పదివేల మీద 50 లక్షల లావాదేవీ నడుస్తుంది. 50 లక్షల్లో 0.2 శాతం ఎంత? సరిగ్గా పదివేలు. యూరో–డాలర్ రేటు మామూలు రోజున కూడా అంతకన్నా ఎక్కువే ఊగుతుంది. మీ అంచనా సాయంత్రానికి నిజమైనా, మధ్యాహ్నం వచ్చిన చిన్న కుదుపుకే ఖాతా ఖాళీ అయిపోయి ఉంటుంది.

డబ్బు కట్టమని ఏదో ఒక వ్యక్తి యూపీఐ నంబరు ఇచ్చారా? లాభం తీసుకోవాలంటే ముందు పన్ను కట్టాలన్నారా? రెండూ మోసం గుర్తులే. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆ గ్రూపులో వాదన పెట్టుకోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు మరో ఖాతాకి మారకముందే ఆపించగలిగితేనే తిరిగి వచ్చే ఆశ.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్.కి అమెరికా వెళ్తున్నాడు. నాలుగు నెలల్లో 8,000 డాలర్ల ఫీజు కట్టాలి. ఈలోగా డాలరు పెరిగితే ఏం చేయాలన్నదే బెంగ. కరెన్సీ ఫ్యూచర్స్ కొనుక్కుంటే రక్షణ ఉంటుందని మా మరిది అంటున్నారు. నాకు షేర్లు కూడా తెలియవు. ఎలా పనిచేస్తాయి?
– గృహిణి, సీతమ్మధార

మీ మరిదిగారు చెప్పింది నిజమే. అయితే సగమే చెప్పారు.

ఫ్యూచర్స్ అంటే ముందు వచ్చే ఒక తేదీకి ఈరోజే ధర ఖాయం చేసుకుని ఎక్స్ఛేంజీలో కొనే ఒప్పందం. డాలరు–రూపాయి ఫ్యూచర్స్‌లో ఒక లాటు, అంటే కొనగలిగే కనీస మొత్తం, 1,000 డాలర్లు. మీకు ఎనిమిది లాట్లు సరిపోతాయి. లెక్క సులువు కోసం డాలరు 90 రూపాయలనుకుందాం. లాటు విలువ 90,000. అంతా కట్టక్కర్లేదు, మార్జిన్ పెడితే చాలు. మార్జిన్ శాతాన్ని ఎక్స్ఛేంజి మారుస్తూ ఉంటుంది. మూడు శాతమనుకుంటే లాటుకి 2,700, ఎనిమిదింటికి 21,600. రేటు కదిలే కనీస మెట్టు 0.0025 రూపాయి, అంటే లాటుకి రెండున్నర రూపాయలు.

డాలరు 92 అయితే ఎనిమిది లాట్ల మీద 16,000 వస్తుంది. ఫీజుకి అదనంగా పడే 16,000ని అది పూడుస్తుంది. మరి 88 అయితే? 16,000 పోతుంది, ఫీజు అంతే తగ్గుతుంది. మొత్తం మీద లెక్క సరే. చిక్కు ఎక్కడంటే, ఫీజులో మిగిలేది నాలుగు నెలల తర్వాత, ఫ్యూచర్స్‌లో పోయేది మాత్రం ఏ రోజుది ఆ రోజే ఖాతాలోంచి కోసేస్తారు. మార్జిన్ తగ్గిందని బ్రోకరు ఫోన్ చేసినప్పుడు డబ్బు సర్దలేకపోతే లాట్లు అమ్మేస్తారు. ఆ తర్వాత డాలరు పెరిగిందనుకోండి, రెండు వైపులా దెబ్బే. అందుకే మార్జిన్ 21,600 అయితే మరో 25,000 అయినా ఖాతాలో కదపకుండా ఉంచగలిగితేనే దిగండి.

ఇంకొన్ని సంగతులు. దూరపు నెల కాంట్రాక్టు ధర ఈరోజు రేటు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. డాలరు పెరుగుతుందన్న జోస్యం కాదది, రెండు దేశాల వడ్డీ రేట్ల మధ్య తేడా. ఆ తేడాయే మీ రక్షణకయ్యే ఖర్చు. దూరపు నెలల్లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పలచగా ఉంటారు కాబట్టి దగ్గరి నెల కొని, గడువుకి ముందు అమ్మి, తర్వాతి నెలకి మారడమే వాడుక. మార్కెట్ ఆర్డరు (ఏ ధర దొరికితే ఆ ధరకి కొనేది) పెట్టకండి. ధర రాసి లిమిట్ ఆర్డరే పెట్టండి. ట్రేడింగ్ ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా. గడువు నెలాఖరు పనిదినానికి రెండు పనిదినాల ముందు, మధ్యాహ్నం పన్నెండున్నరకి. స్టాప్ లాస్‌ని, అంటే రేటు ఫలానా చోటికి పడితే అమ్మేయమని ముందే పెట్టే ఆర్డరుని, మరీ నమ్ముకోవద్దు. అమెరికా ఉద్యోగాల లెక్కలు మనకి సాయంత్రం మార్కెట్ మూశాకే వస్తాయి, మళ్లీ మార్కెట్ తెరిచేసరికి రేటు మీ స్టాప్‌ని దాటి ఉండొచ్చు. గడువు తీరాక మీ చేతికి డాలర్లు రావు. ఆరోజు అధికారికంగా ప్రకటించే రిఫరెన్స్ రేటుతో లెక్కగట్టి తేడా రూపాయల్లో ఇస్తారు. ఫీజుకి కావలసిన డాలర్లు బ్యాంకులోనే కొనాలి.

అసలు ముఖ్యమైనది ఇది. రిజర్వ్ బ్యాంకు స్పష్టం చేసి, 2024 మే 3 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ప్రకారం, రూపాయితో ముడిపడ్డ ఈ కాంట్రాక్టులు కొనాలంటే నిజంగా ఒప్పందమైన విదేశీ కరెన్సీ అవసరం ఉండాలి. 10 కోట్ల డాలర్ల దాకా ముందే కాగితాలు చూపక్కర్లేదు గానీ, అడిగితే చూపగలగాలి. అడ్మిషన్ పత్రం, యూనివర్సిటీ పంపిన ఫీజు ఇన్‌వాయిస్ దాచుకోండి. ఇన్‌వాయిస్ ఇంకా రాకపోతే ఆగండి. అదే అవసరానికి బ్యాంకులో ఫార్వర్డ్ కాంట్రాక్టు (ఫలానా రోజుకి రేటు ముందే ఖాయం చేసుకునే ఒప్పందం) తీసుకుంటే దాని మీద మళ్లీ ఫ్యూచర్స్ కొనకూడదు.

మా మాట అడిగితే, 8,000 డాలర్లకి ఇంత హైరానా అక్కర్లేదు. యూనివర్సిటీ వాయిదాలకి ఒప్పుకుంటే నెలకింత చొప్పున మూడు నాలుగు సార్లుగా పంపేయండి. సగటు రేటు పడుతుంది, రాత్రి నిద్రా పడుతుంది.

ప్రశ్న: గూగుల్‌లో కనిపించే డాలరు రేటు బ్యాంకులో ఎందుకు ఇవ్వరు?
– ద్వారకానగర్ పాఠకుడు

గూగుల్ చూపేది బ్యాంకులు తమలో తాము కొనే, అమ్మే ధరల నడిమి రేటు. మనకి అమ్మేటప్పుడు బ్యాంకు తన వాటా కలుపుతుంది, పైగా మార్పిడి మీద జీఎస్టీ ఉంటుంది. ఫీజు పంపేటప్పుడు ‘టీటీ సెల్లింగ్ రేటు ఎంత?’ అని అడగండి, అంటే ఖాతా నుంచి ఖాతాకి విదేశానికి పంపే డాలర్లని బ్యాంకు అమ్మే రేటు. నోట్ల రేటు ఇంకా ఎక్కువ. రెండు మూడు బ్యాంకుల్లో ఒకే గంటలో అడిగి పోల్చాలి, ఉదయం రేటుని సాయంత్రం రేటుతో పోలిస్తే అర్థం లేదు.

ప్రశ్న: ఓరియో బిస్కెట్లతో బేక్ చేయకుండా చేసే ట్రఫుల్స్ (చాక్లెట్ ఉండలు) రెండుసార్లు చేశాను. మొదటిసారి ముద్ద చేతికి అంటుకుపోయింది. రెండోసారి ఉండలు బాగానే వచ్చాయి గానీ చాక్లెట్ గడ్డకట్టి, పూత పగిలి, పైన చెమట పట్టింది. ఎక్కడ తప్పు?
– గాజువాక పాఠకురాలు

తప్పు ఒకచోట కాదు, మూడు చోట్ల. కొలతల నుంచి మొదలుపెడదాం. 25 ఉండలకి బిస్కెట్లు 300 గ్రాములు (లోపలి క్రీముతో సహా), క్రీమ్ చీజ్ 150 గ్రాములు, పూతకి డార్క్ కాంపౌండ్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసిన చాక్లెట్) 250 గ్రాములు, కొబ్బరినూనె ఒక చెంచా.

బిస్కెట్లని మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఏకబిగిన తిప్పితే మిక్సీ జార్ వేడెక్కి క్రీములోని కొవ్వు కరిగి జిడ్డవుతుంది. పొడి బొంబాయి రవ్వ కన్నా సన్నగా ఉండాలి, పలుకులు మిగిలితే ఉండ విచ్చిపోతుంది. చీజ్‌ని ఇరవై నిమిషాలు బయట ఉంచి, నాలుగింట మూడొంతులే ముందు కలపండి. పిడికిట్లో నొక్కితే సున్నుండలా నిలిచి, విరిస్తే పొడి రాలకుండా రెండు ముక్కలైతే చాలు, మిగతాది వేయకండి. డబ్బాలో వచ్చే మెత్తటి చీజ్‌లో దిమ్మ చీజ్ కన్నా నీరెక్కువ. మీ మొదటి ముద్ద అంటుకోవడానికి అదే కారణం కావచ్చు. అప్పుడు మరో రెండు బిస్కెట్లు పొడిచేసి కలపండి, పాలు మాత్రం పోయకండి.

18 గ్రాములకొక ఉండ, అంటే బూరెలోకి చేసే పూర్ణం ఉండ కన్నా కాస్త చిన్నది. ఫ్రిజ్‌లో అరగంట, లేదా ఫ్రీజర్‌లో పదిహేను నిమిషాలు. రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టేస్తే బిగిసిన ఉండ తర్వాత వేడెక్కి ఉబ్బుతుంది, పైనున్న పూత సాగదు కాబట్టి పగులుతుంది. చెమటా దానివల్లే. మన సముద్రపు గాలిలోని తేమ చల్లటి వస్తువు కనిపిస్తే చాలు వాలిపోతుంది. ఒక్కోసారి ఆరు ఉండలే బయటికి తీసి ముంచండి.

చాక్లెట్ గడ్డకట్టిందంటే నీటిచుక్క పడి ఉండొచ్చు. ఒక్క చుక్క చాలు, చక్కెర తడిసి అంతా ముద్దకడుతుంది. కింది గిన్నెలో నీళ్లు మరిగాక పొయ్యి ఆపేసి, పై గిన్నె అడుగు నీటికి తగలకుండా పెట్టండి. చెంచా పొడిగా ఉండాలి, మూత పెట్టకూడదు. మైక్రోవేవ్ అయితే సగం పవర్‌లో ముప్పై సెకన్ల చొప్పున, మధ్యమధ్య కలుపుతూ. ముద్దకట్టినది మళ్లీ పూతకి పనికిరాదు. వేడి క్రీము రెండు మూడు చెంచాలు కలిపి సాస్‌గా వాడేసుకోండి.

ఫోర్కు మీద ఉండ పెట్టి ముంచి, గిన్నె అంచుకి నాలుగుసార్లు తట్టండి. అడుగున కారే చాక్లెట్‌ని అంచుకే గీకేసి బటర్ పేపరు మీదికి జార్చండి. తట్టకపోతే కింద గొడుగులా పరుచుకుంటుంది.

కాంపౌండ్ ఎందుకంటే, అసలు చాక్లెట్‌లోని కోకో బటర్ సుమారు 34 డిగ్రీలకే కరుగుతుంది, పైగా టెంపరింగ్ (కొలిచిన వేడికి కరిగించి చల్లార్చడం) చేయకపోతే సరిగా బిగియదు. మే నెలలో గాజువాక వంటింట్లో ఆ పని పెట్టుకోకండి. ప్యాకెట్ మీద కోకో బటర్‌కి బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఉన్న మనవలకి బస్సులో పంపాలి. చీజ్ లేకుండా కుదురుతుందా?
– అమ్మమ్మ, ఎంవీపీ కాలనీ

చీజ్ ఉన్నవి పంపకండి అమ్మా, ఎండాకాలంలో బయట గంట దాటనివ్వకూడదు. మారీ బిస్కెట్ల పొడి 200 గ్రాములు, ఎండుకొబ్బరి పొడి 50, జల్లించిన కోకో మూడు చెంచాలు కలిపి, కండెన్స్‌డ్ మిల్క్ సగం డబ్బా కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయండి. ఉండ నిలిచిన చోట ఆపేయాలి. చాక్లెట్ పూత వద్దు, కరుగుతుంది. ఎండుకొబ్బరిలోనే దొర్లించండి. పచ్చికొబ్బరి వేస్తే మర్నాటికి పులుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని వెంటనే తెరవకండి, ఇరవై నిమిషాలు మూతతోనే ఉంచితే తేమ డబ్బా మీద పడుతుంది గానీ ఉండల మీద పడదు. ఉదయం బస్సుకే వేయండి.