అరగంట నడిచి ఆగిపోయే ట్రాక్టర్: పంపు విప్పే ముందు ట్యాంకు చూడండి

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి ట్రాక్టర్ పాతది, 40 హెచ్‌పీ లోపు. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతోంది. దమ్ములో అరగంట బాగానే లాగి, తర్వాత మెల్లగా డౌన్ అయి ఆగిపోతోంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ నడుస్తోంది. రెండు డీజిల్ ఫిల్టర్లూ మార్చారు. మెకానిక్ డీజిల్ పంపు విప్పాలంటున్నాడు, విప్పించాలా వద్దా?

ఇప్పుడే విప్పించకండి. పంపు దించి షాపుకు పంపడం, క్యాలిబ్రేషన్ (ఎంత డీజిల్ పంపాలో సరిచేయడం), మళ్లీ టైమింగ్ కలిపి బిగించడం అంటే దమ్ముల సీజన్‌లో రోజులకు రోజులు పోతాయి, డబ్బూ బాగా అవుతుంది. పైగా మీరు చెప్పిన లక్షణం పంపు కంటే ముందు ట్యాంకు వైపు చూపిస్తోంది. పంపు లోపల అరిగితే వేడెక్కినప్పుడు ఇబ్బంది పెడుతుంది, నిజమే. కానీ వేడి ఇంజను పక్కన ఉన్న పంపు పది నిమిషాల్లో చల్లారదు. అంత తక్కువ సేపట్లో బండి కోలుకుందంటే, డీజిల్ దారిలో ఎక్కడో అడ్డం పడి, ఆగగానే అది తొలగిపోతోందని అనుమానించాలి.

మీ బండి లాంటి పాత ఇంజన్లలో దారి దాదాపు ఇలా ఉంటుంది: ట్యాంకు, దాని కింద కాక్ (డీజిల్ కుళాయి), అక్కడి నుంచి డీజిల్‌ను ముందుకు లాగే చిన్న ఫీడ్ పంపు, రెండు ఫిల్టర్లు, మెకానిక్ విప్పాలన్న మెయిన్ పంపు, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు. మిగిలిన డీజిల్ రిటర్న్ పైపులో వెనక్కి వస్తుంది. చూడాల్సింది కూడా ఈ వరుసలోనే.

మొదట ట్యాంకు మూత. మూతలో గాలి ఆడటానికి చిన్న రంధ్రం ఉంటుంది. దుమ్ము, బురద, డీజిల్ జిడ్డు కలిసి అది మూసుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ లోపల గాలి పీల్చుకునే దారి ఉండదు. మూత గట్టిగా బిగించిన వాటర్ టిన్ కుళాయి తిప్పితే కొన్ని నీళ్లు వచ్చి ఆగిపోయినట్టే ఇదీ. బండి డౌన్ అవడం మొదలైన క్షణంలోనే మూత తిప్పి చూడండి. సుయ్‌మని గాలి లోపలికి లాగి, ఇంజను వెంటనే తేరుకుంటే జబ్బు దొరికినట్టే. ఆగిపోయాక తీరిగ్గా తీస్తే తేడా తెలియదు. రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేసి, మూతను డీజిల్‌తో కడిగితే చాలు. మూతే తీసేసి గుడ్డ కుక్కి నడపకండి, దమ్ములో చిందే బురదనీళ్లన్నీ లోపలికి పోతాయి.

మూత బాగానే ఉంటే ట్యాంకు అడుగు చూడండి. మా బండికి ఇదే జరిగింది. లక్షణాలు అచ్చం మీవే. ఫిల్టర్లు మార్చాం, ఎయిర్ (డీజిల్ దారిలో చిక్కుకున్న గాలి) తీశాం, అయినా లోడ్ పడితే చాలు ఆగిపోయేది. కాక్ దగ్గర పైపు విప్పి చూస్తే డీజిల్ ధారగా వచ్చేది, అందుకే ట్యాంకు మీద ఎవరికీ అనుమానం రాలేదు. మా ఊళ్లోనే పాత లారీ మెకానిక్ ఒకాయన ఒక మాట అడిగాడు: "ఎంతసేపు వదిలి చూశారు?" బకెట్ పెట్టి కాక్ అలాగే వదిలేయించాడు. కాసేపు బాగా వచ్చి, ధార సన్నబడి, చివరికి చుక్కలుగా మారింది. ట్యాంకు దించి కడిగితే కొత్త ఆయిల్ డబ్బా మూత కింద ఉండే పల్చని సీలు కాగితం ముక్క బయటపడింది. బండి నడుస్తుంటే అది డీజిల్‌తో పాటు జారి వచ్చి కాక్ నోటికి అతుక్కునేది. ఇంజను ఆగి లాగుడు తగ్గగానే విడిపోయి మళ్లీ తేలేది. అందుకే విప్పి చూసిన ప్రతిసారీ దారి శుభ్రంగానే కనిపించేది.

కాబట్టి మీరూ కొంచెంసేపు కాదు, నాలుగైదు లీటర్లు పడేదాకా వదిలి చూడండి. శుభ్రమైన బకెట్ పెట్టుకోండి, చుట్టుపక్కల బీడీ, సిగరెట్ ఉండకూడదు. అడుగున నీళ్లు ఉంటే డీజిల్ కంటే బరువు కాబట్టి విడిగా కనిపిస్తాయి. నల్లటి జిగురులాంటిది వస్తే నీళ్లు చాలాకాలంగా నిలిచి అందులో సూక్ష్మజీవులు పెరిగాయని అర్థం. అప్పుడు ట్యాంకు దించి కడగాల్సిందే, ఫిల్టర్లు మార్చినందువల్ల ఉపయోగం ఉండదు.

ఇంకో పరీక్ష నాకు చాలా నమ్మకమైంది. ట్యాంకును పక్కన పెట్టి, ఐదు లీటర్ల క్యాన్‌లో వడకట్టిన డీజిల్ పోసి, సైలెన్సర్‌కు దూరంగా ట్యాంకు ఎత్తులో కట్టి, దాన్నుంచి నేరుగా ఫీడ్ పంపుకు కొత్త పైపు వేయండి. క్యాన్ మూత వదులుగా ఉంచండి. మెరక మీద లోడ్ వేసి నడపండి. ఆగకుండా లాగితే తప్పు ట్యాంకుదో, కాక్‌దో, పాత పైపుదో. అలాగే ఆగిపోతే వాటి తప్పు లేదని తేలిపోతుంది. పారదర్శకమైన పైపు వాడితే గాలి బుడగలు వస్తున్నాయా అన్నదీ కంటికి కనిపిస్తుంది.

బుడగలంటే గుర్తొచ్చింది. ఫీడ్ పంపుకు ముందు పైపులో చిన్న పగులున్నా, క్లిప్ వదులైనా, నడిచేటప్పుడు డీజిల్ కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి లాగుతుంది. తడి కనిపించలేదు కాబట్టి లీకు లేదనుకోవద్దు. జాయింట్ల దగ్గర రాగి వాచర్లు ఒకసారి నొక్కుకుపోతే సరిగా కూర్చోవు, విప్పినప్పుడల్లా కొత్తవి వేయండి. ఫిల్టర్లు మార్చినప్పుడు ఎయిర్ పూర్తిగా తీశారో లేదో కూడా చూసుకోండి: మొదటి ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత రెండోది, ఆ తర్వాత మెయిన్ పంపుది, ఇదే వరుసలో, హ్యాండ్ ప్రైమర్ (ఫీడ్ పంపును చేత్తో కొట్టే మీట) కొడుతూ నురగ లేని డీజిల్ వచ్చేదాకా.

ఫీడ్ పంపులో చాలావాటికి చిన్న జాలీ ఉంటుంది, ఫిల్టర్లు మార్చేవాళ్లు దాన్ని వదిలేస్తుంటారు. అది కూడా కడగండి. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ కూడా తీసి చూడండి. ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే ఫీడ్ పంపు డయాఫ్రమో (లోపలి పల్చని పొర), పంపు సీలో పోయి డీజిల్ ఇంజన్ ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి దిగుతోందన్నమాట. అప్పుడు బండి అస్సలు నడపకూడదు, పలచబడిన ఆయిల్‌తో బేరింగులు పోతాయి.

నాజిల్ పైపుల దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడి నుంచి చిమ్మే డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది. గాయం సూది గుచ్చినట్టే ఉన్నా చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టండి, వేలు పెట్టొద్దు. నడుస్తున్న ఇంజనులో ఒక్కో నట్టూ వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూసే పద్ధతి పాత బండ్లకే, అదీ చేయి తిరిగిన మెకానిక్కే చేయాలి. కొత్త కామన్ రైల్ ఇంజన్లలో (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ అందే రకం) అలా చేయనే చేయకూడదు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త ఉద్గార నిబంధనలు వచ్చాక ఆ రకం ఇంజన్లు మన పొలాల్లోనూ పెరిగాయి. వాటిలో ప్రెషర్ వెయ్యి బార్‌లు దాటుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా, క్యాన్‌తో నడిపినా ఆగిపోతుంటే, రిటర్న్ పైపు మొదట్లో ఉండే ఓవర్‌ఫ్లో వాల్వ్ చూపించండి. దాని స్ప్రింగ్ బలహీనపడితే మెయిన్ పంపులో నిలవాల్సిన ప్రెషర్ నిలవక బండి లోడ్ తీయదు. పంపుతో పోలిస్తే అది చిన్న ఖర్చు. అదీ బాగుంటే అప్పుడు పంపు విప్పించండి. షాపులో బెంచి మీద టెస్ట్ చేసేటప్పుడు నాన్నగారినో మిమ్మల్నో పక్కన ఉండనివ్వమని ముందే అడగండి. విప్పకముందు ఒక్కో సిలిండర్‌కు ఎంత డీజిల్ పడుతోందో, రిపేరు తర్వాత ఎంత పడుతోందో రెండూ కాగితం మీద రాయించుకోండి. నాజిళ్లు కూడా అప్పుడే తీసుకెళ్లి స్ప్రే చూపించండి.