షడ్జమం బేస్‌కి వదిలేయండి

కీబోర్డ్ మాస్టారికి మీ ప్రశ్నలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నేను పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తాను. చిన్నప్పుడు వర్ణాల దాకా కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఈమధ్య డీప్ హౌస్ అనే మెత్తని డ్యాన్స్ సంగీతం వినీ వినీ నాకూ ఒక ట్రాక్ చెయ్యాలనిపించింది. డి మైనర్, సి, జి కార్డ్స్ రెండు చేతులా నిండుగా పట్టి వాయించాను. ఒక్క స్వరం కూడా ఖరహరప్రియ రాగం దాటలేదు. అయినా సినిమాలో ఏడుపు సీను వెనక వచ్చే బీజీఎంలా ఉంది. బేస్ కలిపితే అంతా గుయ్యిమంటోంది. ఇంకా పెద్ద కార్డ్స్ పట్టాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పెద్దవి కాదు తమ్ముడూ, పట్టినదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. అదేమిటో చెప్పేముందు, మీకు చేతిలో ఉన్న విద్యతోనే మొదలుపెడదాం. డి ని షడ్జమం అనుకుని ఖరహరప్రియ ఆరోహణలో ఒకటి విడిచి ఒకటి పాడండి: స, గ, ప, ని, ఆపైన తారస్థాయి రి. డి, ఎఫ్, ఏ, సి, ఇ. ఇదే డి మైనర్ నైన్త్. డీప్ హౌస్‌లో మీరు విన్న పొగమంచు లాంటి కార్డ్ చాలాసార్లు ఇదే. మీరు స, గ, ప దగ్గరే ఆగిపోయారు. అందుకే దుఃఖం ఒక్కటే వినపడుతోంది. ని, రి చేరితే ఆ దుఃఖం మెత్తబడుతుంది.

ఇప్పుడు ఆ అయిదింట్లోంచి షడ్జమం తీసెయ్యండి. అది బేస్‌ది. చేతిలో ఎఫ్, ఏ, సి, ఇ మాత్రమే ఉంచుకోండి. విడిగా వింటే అది ఎఫ్ మేజర్ సెవెన్త్, హాయిగా నవ్వే కార్డ్. కింద బేస్ డి పలికిన క్షణాన దాని మొహం మారిపోతుంది. ఆ మార్పు చెవికి అందాలంటే కార్డ్‌లో డి ఉండకూడదు. సికింద్రాబాద్‌లో మా చర్చికి బేస్ గిటార్ వచ్చిన కొత్తలో, నేను అలవాటుగా ఎడమచేతి చిటికెనవేలు కింది షడ్జమం మీద పెడితే మా గురువుగారు వచ్చి ఆ వేలు పైకెత్తేవారు. ‘అది వాడి సొమ్ము, నువ్వు ముట్టకు’ అనేవారు. హౌస్ సంగీతం సువార్త గీతాలకు దగ్గరి బంధువు, అందుకే ఆ పాఠం ఇక్కడా అక్షరాలా పనికొస్తుంది.

గుయ్యిమనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. నడిమి సి కంటే ఒక స్థాయి కింద, అంటే దాదాపు 130 హెర్ట్జ్ దిగువన, గాంధారం దూరంలో ఉన్న రెండు స్వరాలు కలిసి పలికితే చెవి వాటిని విడదీయలేదు. మీరు రెండు చేతులా పట్టినప్పుడు ఎడమచెయ్యి సరిగ్గా అక్కడే తిరుగుతోంది. నడిమి సి కి కాస్త కిందున్న ఎఫ్ నుంచి పైకి పట్టండి. బేస్ 73 హెర్ట్జ్ దగ్గరున్న డి మీద ఉండనివ్వండి. మధ్యలో ఖాళీ ఉండాలి.

ఇంకో పట్టు కూడా చెబుతాను, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. అవే నాలుగు స్వరాలు వరస మార్చి సి, ఇ, ఎఫ్, ఏ అని పట్టండి. ఇ, ఎఫ్ పక్కపక్క మెట్లు, అంటే రి, గ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఆ రాపిడి గట్టిగా కొడితే గరుకుగా ఉంటుంది. మెత్తని సౌండ్‌తో, పై పౌనఃపున్యాల్ని కోసే ఫిల్టర్ సగం మూసి వాయిస్తే ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఒక్క స్వరం కూడా ఖరహరప్రియ దాటలేదని గర్వంగా రాశారు. ఈ సంగీతంలో దాటాలి. చేతి ఆకారం మార్చకుండా, నలుపూ తెలుపూ అన్నీ లెక్కపెట్టి మూడు మెట్లు పైకి జరపండి. పందిరిని గుంజలతో సహా లేపి పక్క వాకిట్లో దించినట్టు, బేస్‌తో సహా అంతా కదలాలి. ఎఫ్ మైనర్ నైన్త్ వస్తుంది. అందులో ఏ ఫ్లాట్, ఇ ఫ్లాట్ ఉన్నాయి. మీ లెక్కలో ప్రతి మధ్యమం, శుద్ధ రిషభం. రెండూ ఖరహరప్రియకు పరాయివే. అక్కణ్నుంచి ఒక మెట్టు దిగి ఇ, మళ్లీ రెండు మెట్లు దిగి డి. ఇ దగ్గర అంతర గాంధారం కూడా తొంగిచూస్తుంది. డి మీద రెండు బార్లు (బారుకి నాలుగు దెబ్బలు), మిగతా రెండింటి మీద ఒక్కో బారు నిలబడండి.

ఈ అలవాటు ఎక్కడిదంటే, చాలావరకు యంత్రాల నుంచి వచ్చింది. 1981లో వచ్చిన కోర్గ్ పాలీసిక్స్‌లో కార్డ్ మెమరీ అనే బటన్ ఉంది. ఒకసారి కార్డ్ పట్టి చూపిస్తే, తర్వాత ఒక్క వేలితో అదే ఆకారం ఏ మెట్టు మీదైనా పలుకుతుంది. 1986లో అకాయ్ ఎస్900 లాంటి శాంప్లర్లు వచ్చాక రికార్డు మీది ఒక కార్డ్‌ని కత్తిరించి కీబోర్డ్ అంతటా పరుచుకోగలిగారు. శాంప్లర్‌కి రాగం తెలియదు. దానికి తెలిసిందల్లా ఆ ముక్కని వేగంగానో నిదానంగానో నడపడమే. మూడు మెట్లు పైకి వాయిస్తే ముక్క దాదాపు 19 శాతం వేగంగా నడిచి, తొందరగా ముగిసిపోతుంది. కిందికి వాయిస్తే సాగుతుంది. పై కార్డ్ పొట్టిగా, కింది కార్డ్ బద్ధకంగా వినపడే ఆ అందం మీకూ కావాలంటే, మీ కార్డ్‌ని ఒకసారి ఆడియోగా రికార్డు చేసుకుని శాంప్లర్లో వేసి వాయించి చూడండి.

ప్రశ్న: సార్, కార్డ్స్ తెలుసు. సౌండే దొరకడం లేదు. సాఫ్ట్‌వేర్ సింథ్‌లో వందల ప్రీసెట్లు ఉన్నాయి, ఏది తెరిచినా పెద్ద స్టేజీ మీద లైట్లు వేసినట్టు మెరుస్తోంది. మెత్తగా, పాతగా ఉండే కార్డ్ సౌండ్ సొంతంగా ఎలా చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ప్రీసెట్లు మూసెయ్యమ్మా. సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథ్ పూర్తిగా ఉచితం, వైటల్‌కి కూడా ఉచిత వెర్షన్ ఉంది. ఏదో ఒకదాన్ని ఖాళీ ప్యాచ్‌తో తెరవండి.

మొదటి ఆసిలేటర్‌లో (స్వరాన్ని పుట్టించే భాగం) సా వేవ్ పెట్టండి. రెండోదాంట్లో స్క్వేర్ వేవ్, ఒక స్థాయి కిందికి దించి, వాల్యూమ్ సగానికి తగ్గించి. ఒకే స్వరాన్ని కొద్ది తేడాలతో చాలాసార్లు కలిపే యూనిజన్ ముట్టుకోవద్దు. మీరు చెప్పిన ఆ మెరుపంతా అక్కణ్నుంచే వస్తుంది. చికాగోలో లారీ హెర్డ్ 1986లో మిస్టర్ ఫింగర్స్ పేరుతో విడుదల చేసిన ‘కెన్ యూ ఫీల్ ఇట్’ రికార్డు వినండి. రోలాండ్ జునో-60 సింథ్, టీఆర్-909 డ్రమ్ మెషీన్‌తో చేసింది. ఆ జునోలో ఒక్కో స్వరానికి ఒక్కటే ఆసిలేటర్, దానికి ఒక స్థాయి కింద పలికే ఒక సబ్. అంతే. నిండుదనమంతా చివర్లో ఉన్న కోరస్ బటన్ ఇస్తుంది.

ఇప్పుడు 24 డెసిబెల్ లో పాస్ ఫిల్టర్ పెట్టి, కటాఫ్‌ని 400 హెర్ట్జ్ దాకా మూసెయ్యండి. కార్డ్ దుప్పటి కింద ఉన్నట్టు మూలుగుతుంది, భయపడకండి. ఫిల్టర్ ఎంత వేగంగా తెరుచుకుని మూసుకోవాలో చెప్పే ఎన్వలప్‌లో అటాక్ సున్నా, డికే 350 మిల్లీసెకన్లు, సస్టెయిన్ 10 శాతం, రిలీజ్ 250. ఎన్వలప్ మోతాదుని సున్నా నుంచి మెల్లగా పెంచుతూ అదే కార్డ్ పదేపదే కొట్టండి. మొదట ‘మ్’ అంటుంది. కాసేపటికి ‘మ్వా’ అంటుంది. ఇంకా పెంచితే ‘ప్యావ్’ అంటుంది, అంతవరకూ వెళ్లారంటే ఎక్కువైంది. ‘మ్వా’ దగ్గర ఆపండి. నా చేతిలో ఎక్కువ సమయం పట్టేది ఈ ఒక్క నాబ్ దగ్గరే, పట్టనిస్తాను కూడా. కటాఫ్ దగ్గర ఈల లాంటి పదునునిచ్చే రెజొనెన్స్ 15 శాతం దాటనివ్వకండి.

కీ ఎంత గట్టిగా నొక్కితే ఫిల్టర్ అంత తెరుచుకునేలా వెలాసిటీని కటాఫ్‌కి కలపండి. జునోకి ఈ సదుపాయం లేదు, కీ ఎలా నొక్కినా ఒకటే పలుకు. అందుకే ఆ తరం వాళ్లు ఒక చేత్తో కార్డ్ పట్టి రెండో చెయ్యి కటాఫ్ స్లైడర్ మీద ఉంచేవారు. మీరూ పాట పొడవునా మౌస్‌తో గీతలు గీసేకంటే ఒక నాబ్‌ని మిడి కీబోర్డ్‌కి (కంప్యూటర్‌కి కలిపి వాయించే కీబోర్డ్) కలుపుకుని, ట్రాక్ నడుస్తుండగా చేత్తో తిప్పుతూ రికార్డు చెయ్యండి. చేతి కదలికలో తొట్రుపాటు ఉంటుంది, అది ఉండాలి.

ఆఖర్న కోరస్. తర్వాత పౌనఃపున్యాల్ని సర్దే ఈక్యూలో 180 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కొయ్యండి, ఆ చోటు కిక్ డ్రమ్‌కీ బేస్‌కీ కావాలి. కిక్ కొట్టినప్పుడల్లా కార్డ్ కొంచెం తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టవచ్చు. రిలీజ్ 150, 200 మిల్లీసెకన్ల మధ్య ఉంటే చాలు. ఊపిరాడనట్టు పైకీ కిందికీ ఊగించేది వేరే సంగీతం, ఇందులో ఆ తగ్గడం శ్రోతకి తెలియకూడదు.

ప్రశ్న: అసలు జునో-60నే కొందామనుకుంటున్నాను. విదేశాల నుంచి తెప్పించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దు. 1982 నాటి యంత్రం, కంప్యూటర్‌కి కలిపే మిడి లేదు. మిడి ఉన్న జునో-106 తీసుకుందామంటే దాని వాయిస్ చిప్‌లు చెడిపోతాయని పేరు. బాగుచేసేవాళ్లు మనకు దొరకడం కష్టం. జునో-60కి రోలాండ్ వాళ్లే చేసిన సాఫ్ట్‌వేర్ రూపం ఉంది. మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లూ, నాబ్‌లున్న చిన్న మిడి కీబోర్డూ కొనుక్కోండి.

ప్రశ్న: నేను మృదంగం విద్యార్థిని. మా తమ్ముడు ఇలాంటి ట్రాక్స్ చేస్తుంటాడు. కార్డ్స్ ఎక్కడ పడాలో తేలక రోజూ నన్ను అడుగుతాడు. నాలుగు కిక్‌ల మీద నాలుగు కార్డ్స్ వేస్తే బ్యాండ్ మేళంలా ఉందంటాడు. దీనికి ఏదైనా లెక్క ఉందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరం చూసి చాలా సంతోషం కలిగింది, ఎందుకంటే జవాబు మీ నోట్లోనే ఉంది. ఒక బారులో 16 గడులు. ‘తకిట తకిట తకిట తకిట తకధిమి’ అనండి, సరిగ్గా 16 అక్షరాలు. ‘త’లు పడేవి 1, 4, 7, 10, 13 గడుల్లో. కిక్‌లు పడేవి 1, 5, 9, 13 లో. రెండూ కలిసేచోట్లు, అంటే 1, 13, కిక్‌కే వదిలేసి 4, 7, 10 మీద కార్డ్ వెయ్యమనండి. చతురశ్రం మీద తిశ్రం నడిపితే వచ్చే ఊపు ఇదే కదా.

ఇంకా మంచి మార్గం ఉంది. డీప్ హౌస్ వేగం మామూలుగా నిమిషానికి 118 నుంచి 125 దెబ్బలు. లెక్క సులువుగా 120 అనుకుందాం. దెబ్బకి 500 మిల్లీసెకన్లు, గడికి 125, మూడు గడులకి 375. ప్రతిధ్వనినిచ్చే డిలేని 375 మిల్లీసెకన్లకి పెట్టి 4వ గడిలో ఒక్క కార్డ్ కొడితే, ప్రతిధ్వనులు వాటంతట అవే 7, 10, 13 గడుల్లో పడతాయి, ఒకదాన్ని మించి ఒకటి మెల్లగా. మీ తమ్ముడు మూడుసార్లు కొట్టక్కర్లేదు. ప్రతిధ్వని ఎంత మళ్లీ మళ్లీ రావాలో చెప్పే ఫీడ్‌బ్యాక్ 35 శాతం ఉంచి, ఆ ప్రతిధ్వనిలో 300 హెర్ట్జ్ కిందా 3000 పైనా కోసేస్తే వెనక గదిలోంచి వస్తున్నట్టుంటుంది. చాలా ట్రాక్స్‌లో మనం ఆరేడు కార్డ్స్ విన్నామనుకునే చోట వాయించింది ఒకటో రెండో.

హై హ్యాట్‌కి (డ్రమ్స్‌లోని చిన్న తాళాల చప్పుడు) స్వింగ్, అంటే సరి గడులు కాస్త ఆలస్యంగా పడే ఊపు, 54 నుంచి 57 శాతం ఇచ్చి, కార్డ్‌కి కూడా అంతే ఇవ్వండి. ఒకటి ఊగుతూ ఇంకొకటి బిగుసుకుని ఉంటే తాళం తప్పినట్టే ఉంటుంది. కాకపోతే డిలే మటుకు ఊగదు, నిటారుగానే పడుతుంది. ఆ చిన్న తేడా వదిలెయ్యండి, బాగుంటుంది.

ప్రశ్న: మాస్టారూ, మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. ఇక్కడి పాత హౌస్ రికార్డుల్లో ఆర్గన్‌లాంటి బేస్ ఒకటి టకటకా పలుకుతుంది. మా అమ్మాయి అది తన ట్రాక్‌లో కావాలంటోంది. ఏ ఆర్గన్ అది?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: మీరు సరైన చోటే ఉన్నారమ్మా. మీకు దగ్గరే ఉన్న న్యూఆర్క్‌లో జాంజిబార్ అనే క్లబ్‌లో 1980ల్లో టోనీ హంఫ్రీస్ రికార్డులు వేసేవాడు. కెర్రీ ఛాండ్లర్ పక్కనే ఈస్ట్ ఆరెంజ్ వాడు. వాళ్ల పేర్ల మీద అమ్మాయిని వెతకమనండి, కార్డ్స్‌కీ గొంతుకీ ఎంత చోటిస్తారో వినమనండి.

మీరడిగింది నిజం ఆర్గన్ కాకపోవచ్చు. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 కీబోర్డ్‌లో ‘ఆర్గన్ 2’ అనే ప్రీసెట్ ఉంది, 1990ల హౌస్‌లో దాన్ని తెగ వాడారు. ఆ కీబోర్డ్ ఫిల్టర్‌కి రెజొనెన్సే లేదు, కాబట్టి ఆ పదును ఫిల్టర్ ఇచ్చింది కాదు, స్వరం మొదట్లో ఉన్న చిన్న ‘టిక్’ ఇచ్చింది. కోర్గ్ వాళ్లే ఎం1ని సాఫ్ట్‌వేర్‌గా, ఐప్యాడ్ యాప్‌గా అమ్ముతున్నారు.

సొంతంగా చేసుకోవాలన్నా పెద్ద పని కాదు. మూడు సైన్ వేవ్‌లు తీసుకోవాలి: అసలు స్వరం, దాని పై స్థాయి, ఆ పై స్థాయికి పంచమం. అంటే ఒకటి, రెండు, మూడు రెట్ల పౌనఃపున్యాలు. మూడోదాన్ని 60 మిల్లీసెకన్లలో చచ్చిపోయేలా పెడితే ‘టిక్’ వచ్చేస్తుంది. కొంచెం డిస్టార్షన్ తగిలించాలి, లేకపోతే ఫోన్ స్పీకర్లో బేస్ మాయమైపోతుంది. స్వరాలు పొట్టిగా కొట్టాలి, వేలు వెంటనే తియ్యాలి. కార్డ్స్ సాగుతున్న చోట ఈ బేస్ పొట్టిగా, కార్డ్స్ పొట్టిగా ఉన్నచోట ఇది సాగుతూ ఉంటే రెండూ ఒకదానికొకటి అడ్డురావు. అమ్మాయి ట్రాక్ పూర్తయ్యాక నాకు పంపమనండి, వింటాను.