పిల్లల్ని చూసుకునే మనిషా, ఇంటి పని చేసే మనిషా?

ప్రశ్న: మాది నెల్లూరు, వేదాయపాళెం. నాకు 38 ఏళ్లు. కావలిలో బ్యాంకు ఉద్యోగం. పొద్దున పిల్లల్ని వ్యాన్ ఎక్కించి ఎనిమిదింబావుకు బయల్దేరితే మళ్లీ ఇంటికొచ్చేసరికి రాత్రి ఏడుంబావు అవుతుంది. మావారికి కృష్ణపట్నం పోర్టు వైపు షిఫ్టు డ్యూటీ. పాప ఆరో తరగతి, బాబు రెండో తరగతి. ఇన్నాళ్లూ అత్తయ్య చూసుకున్నారు. మోకాళ్ల నొప్పులతో ఆమె ఉదయగిరి వైపు సొంతూరికి, పెద్ద బావగారి దగ్గరికి వెళ్లిపోయారు. జూన్‌లో ఒకామెను పెట్టుకున్నాం. రెండు నెలలకు ఒకరోజు బాబు స్కూలు నుంచి వచ్చి పిలిస్తే, ఆమె మేడ మీద బట్టలు ఉతుకుతూ వినలేదట. వాడు అరగంట గేటు దగ్గరే ఏడుస్తూ నిలబడ్డాడు. ఆ రాత్రి నేను గట్టిగా అరిచాను. మర్నాటి నుంచి ఆమె రాలేదు. ఇప్పుడు కోవూరు నుంచి 45 ఏళ్ల ఆమె ఒకరు వస్తానంటున్నారు, నెలకు 12,000 అడిగారు. ‘పనామెకు పన్నెండు వేలా’ అని మావారు. ‘మన ఊళ్లో 13 ఏళ్ల పిల్ల ఉంది, ఇంట్లోనే పడి ఉంటుంది, వాళ్ల నాన్నకు నెలకు నాలుగు వేలు పంపితే చాలు’ అని అత్తయ్య. ‘నాకెవరూ వద్దు, తాళం చెవి ఇవ్వు’ అని పాప. ఉద్యోగం మానేయాలేమో అని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ 13 ఏళ్ల పిల్ల సంగతి తేల్చేద్దాం. వద్దు. బాల కార్మికుల చట్టం 1986లో వచ్చింది, 2016లో సవరించారు. 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఇంటి పనితో సహా ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పెట్టుకున్నవాళ్లకు ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు గానీ, 20,000 నుంచి 50,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. ‘వచ్చే ఏడాదికి పద్నాలుగు వస్తాయిలే’ అని ఎవరో ఒకరు అంటారు. చట్టం పక్కన పెట్టి ఒక్కసారి ఆలోచించండి. మీ పాపకంటే రెండేళ్లే పెద్ద. మీ పాప బ్యాగు వేసుకుని వ్యాన్ ఎక్కుతుంటే ఆ పిల్ల టిఫిన్ ప్లేట్లు కడుగుతూ చూస్తుంటుంది. సాయంత్రం మీ బాబుకు జ్వరం వస్తే ఆ పిల్ల ఏం చేయగలదు? ఆమె గురించి మళ్లీ చివర్లో మాట్లాడతాను.

ఇక జూన్‌లో వచ్చినామె. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ గేటు దగ్గరి అరగంటే. ఆమె ఆ సమయంలో నిద్రపోలేదు, పక్కింట్లో కబుర్లు చెప్పలేదు. బట్టలు ఉతుకుతోంది. ఉతకమని చెప్పింది మీరే అయ్యుంటారు. బాబు వచ్చే వేళకు చేతిలో ఉన్న పని ఏదైనా సరే వదిలేసి గేటు దగ్గర ఉండాలని ఆమెకు ఎవరైనా చెప్పారా? ‘పిల్లల్ని చూసుకో, ఇంటి పని కూడా చెయ్యి’ అని చెప్పి ఉంటారు. అలా చెబితే ఎవరైనా కంటికి కనబడే పనే ముందు చేస్తారు. తోమని అంట్లు రాత్రి మీ కంటబడతాయి. బాబు దిగులుగా కూర్చున్నాడా, నవ్వాడా అన్నది కనబడదు. మీరు ఇంటికి రాగానే సింకు చూస్తే, ఆమె మర్నాటి నుంచి సింకునే చూసుకుంటుంది.

మీ అవసరం రెండు పనులది, దొరికేది ఒక్క మనిషి. అందులో తప్పేమీ లేదు. పిల్లలు బడికి వెళ్లే వయసు కాబట్టి కుదురుతుంది కూడా. కుదరాలంటే రెండు పనులకూ మధ్య గోడ కట్టాలి, ఆ గోడ గడియారం మీద ఉండాలి. కోవూరు నుంచి షేర్ ఆటోలో రోజుకు రెండుసార్లు పెన్న దాటి రమ్మంటే ఎవరూ నిలవరు. అందుకని మధ్యాహ్నం పన్నెండుకు రమ్మనండి. అంట్లు, ఊడ్చి తుడవడం, మెషిన్‌లో బట్టలు తీసి ఆరేయడం, రాత్రికి కూరలు తరగడం, అన్నీ మూడున్నరకల్లా అయిపోవాలి. ఆ తర్వాత ఆమె ఓ అరగంట నడుం వాల్చాలి. నిజంగానే చెబుతున్నాను. అలసిపోయి విసుగ్గా ఉన్న మనిషి చేతికి పిల్లలు రాకూడదు. నాలుగుంబావుకు వ్యాన్ వచ్చాక మీరు వచ్చేదాకా ఆమెకు పిల్లల పని తప్ప ఇంకోటి లేదు. కాళ్లూ చేతులూ కడిగించి, దోసో బొరుగులో పెట్టి, డైరీ తీయించి, ఆడుకుంటుంటే కనిపెట్టుకుని ఉండటం. మిగిలిపోయిన గిన్నెలు మర్నాటికి ఉంటాయి. సింకు నిండా అంట్లున్న రోజు కూడా ఆమెను ఒక్క మాట అనకుండా ఉండగలరా? ఈ ఏర్పాటు మొత్తం దాని మీదే నిలబడుతుంది.

మొదట్లోనే ఏవి ఆమె పనులు కావో కూడా చెప్పండి. హోంవర్క్ చదివించడం ఆమె పని కాదు, చేస్తున్నారో లేదో చూడటమే. చుట్టాలొస్తే పదిమందికి వంట ఆమె పని కాదు. ఆదివారం చేపలు తెచ్చుకున్నాం, వచ్చి శుభ్రం చేసిపో అని ఫోన్ చేయకండి. మన ఊళ్లో చాలామంది పనివాళ్లు మానేసేది ఇలాంటి ఫోన్లకే. జీతానికి కాదు.

జీతం గురించి మీవారితో గొడవపడకుండా లెక్క ముందు పెట్టండి. పన్నెండుకు వచ్చి, మీరు ఇంటికొచ్చాక ఆమె బయల్దేరేసరికి రోజుకు ఏడున్నర గంటలు, నెలకు 26 రోజులు, అంటే 195 గంటలు. పన్నెండు వేలను దాంతో భాగిస్తే గంటకు 62 రూపాయలు కూడా పడదు. ఆ డబ్బుకు ఆయన తన పిల్లల్ని, తన ఇంటిని, తన తాళం చెవిని ఒకరి చేతిలో పెడుతున్నారు. ‘పనామెకు’ అనే మాట దగ్గరే ఆయన ఆగిపోయారు. పన్నెండు వేలు అంట్లకు ఎక్కువే, ఒప్పుకుంటాను.

ఇప్పుడే మాట్లాడుకోవాల్సింది ఇంకోటి ఉంది. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. పిల్లలు మధ్యాహ్నానికే ఇంట్లో ఉంటారు. మీరు కట్టిన గోడ ఆ రోజు కూలిపోతుంది. ఆ నెలన్నరా ఇల్లు రోజు విడిచి రోజు తుడిచినా చాలని ముందే అనుకోండి. ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. ఆ ఎండల్లో పిల్లలిద్దరూ పొద్దస్తమానం ఇంట్లోనే. ఆమె తొమ్మిదికే రావాలంటే ఆ నెలలకు జీతం ఎంత పెంచుతారో ఇప్పుడే చెప్పాలి. పిల్లలు అమ్మమ్మ ఊరికి వెళ్తే ఆ రోజులకు జీతం కోస్తారా? కోయకండి. ఆమె పని లేక మానలేదు, మీరు లేక మానింది. ఆమె సెలవులు కూడా రాసుకోండి. నెలకు నాలుగు రోజులు, పండగలు, రొట్టెల పండగకు వాళ్లింటికి చుట్టాలొస్తే ఆ రోజులు. ఆ రోజుల్లో మీ ఇద్దరిలో ఎవరు సెలవు పెడతారో కూడా పక్కనే రాయండి.

ఆమె తినే పళ్లెం గురించి అడగనందుకు నాకు అనుమానం. మీ ఇంట్లో ఆమెకు వేరే గ్లాసు ఉందా? చాలా ఇళ్లల్లో ఉంటుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. రోజూ మీ బాబుకు అన్నం కలిపిపెట్టే చేయి అది. ఆ చేయి ముట్టుకున్న గ్లాసు గూట్లో విడిగా ఉంటే, ఆమె మాట వినక్కర్లేదని వాడు వారంలో నేర్చుకుంటాడు. మీరు నేర్పక్కర్లేదు. ఆ తర్వాత ‘ఏయ్, నీళ్లు తే’ అంటాడు. పిల్లలిద్దరి చేతా ‘పెద్దమ్మా’ అని పిలిపించండి. ఆమె పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదు, పిల్లలు ఆమె మీద నోరు చేసుకోకూడదు. రెండూ ఒకే రోజు, అందరి ముందూ చెప్పండి.

పాప అన్న మాటలో సగం న్యాయం ఉంది. ఆ వయసులో ‘నిన్ను చూసుకోవడానికి మనిషిని పెట్టాం’ అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అలాగని 11 ఏళ్ల పిల్ల చేతిలో తాళం చెవీ తమ్ముణ్నీ పెట్టి మూడు గంటలు వదిలేయలేం. ‘ఆమె ఇంటికీ తమ్ముడికీ. నీకు కాపలా కాదు’ అని చెప్పండి. ఆమెతో మాట్లాడే రోజు పాపను కూడా కూర్చోబెట్టండి, సాయంత్రం తిండి ఏమేం కావాలో రాయమనండి. తన పుస్తకాలు, బీరువా ఆమె సర్దకూడదంటే సర్దకూడదు.

ఇంకో సంగతి మీరు రాయలేదు గానీ, మీ మనసులో ఉండే ఉంటుంది. పాప పెద్దమనిషయ్యే రోజు మీరు కావలిలో ఉండొచ్చు. ఆ సాయంత్రం ఇంట్లో ఉండేది ఈమె. ఆమెకు తెలిసిన పద్ధతి పాపను ఓ మూల కూర్చోబెట్టి, చాప వేసి, పదిమందికి ఫోన్లు చేయడమైతే? ప్యాడ్లు ఎక్కడున్నాయో ఇద్దరికీ చూపించండి. ముందు అమ్మకు ఫోన్, ఇంకెవరికీ కాదు అని ఇద్దరికీ చెప్పండి. పాపతో ఈ మాట ఆమె రాకముందే మాట్లాడాలి, మీరే మాట్లాడాలి.

మీవారు నైట్ షిఫ్టు చేసి పగలు ఇంట్లో పడుకునే రోజులుంటాయి. ఆ రోజుల్లో ఒంటరిగా ఆ ఇంట్లో పని చేయడం ఆమెకు ఇబ్బందే, పైకి చెప్పదు. పడగ్గది ఆ రోజుల్లో ఊడ్వనక్కర్లేదని మీరే చెప్పండి. పనిచేసే చోట మహిళలపై వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టం ఇళ్లల్లో పనిచేసేవాళ్లకూ వర్తిస్తుంది. ఈ సంగతి మీవారికి తెలిసి ఉంటే మంచిదే.

నమ్మకం సంగతికొస్తే, ఆధార్ కాపీ, ఫోటో, ఇద్దరు తెలిసినవాళ్ల నంబర్లు తీసుకోండి. మీ పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో వివరాలు ఇవ్వొచ్చు. అంతకంటే మంచిది, మీరిద్దరూ ఓ ఆదివారం కోవూరులో ఆమె ఇంటికి వెళ్లి టీ తాగి రండి. మనిషి ఎలాంటిదో గుమ్మం దగ్గరే సగం తెలుస్తుంది. ఆమెకూ మీరెలాంటివాళ్లో తెలుస్తుంది. ఇంట్లో కెమెరా పెడితే ఆమెకు చెప్పి పెట్టండి. కెమెరాకంటే అప్పుడప్పుడు చెప్పకుండా ముందే ఇంటికి రావడం పనికొస్తుంది. బాబును ‘ఆమె మంచిదా’ అని అడగకండి, అవునంటాడు. ‘ఈ రోజు ఏం తిన్నావు, ఎక్కడ కూర్చున్నావు, ఎవరైనా వచ్చారా’ అని అడగండి. ఆమె తప్ప ఆమె తరఫు మనుషులెవరూ ఇంట్లోకి రాకూడదన్న నియమం మొదటి రోజే చెప్పాలి. 112, 108, పిల్లల హెల్ప్‌లైన్ 1098, పక్కింటివాళ్ల నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఆమెకు చదువు రాకపోతే పాపకు రాదా ఏంటి.

మీ వంతు కూడా కొంత ఉంది. బ్యాంకులో పనిచేస్తున్నారు కాబట్టి ఇది నేను చెప్పక్కర్లేదు గానీ, ఆమె పేరున ఏడాదికి 20 రూపాయలు కడితే కేంద్రం పథకం కింద రెండు లక్షల ప్రమాద బీమా వస్తుంది. ఆమెకు 50 ఏళ్లలోపే కాబట్టి ఏడాదికి 436 కడితే జీవిత బీమా కూడా వస్తుంది. రెండూ మీరే కట్టండి. ఇళ్లల్లో పనిచేసేవాళ్లలాంటి అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు ఉచితం. పెద్ద మొత్తాలు అడ్వాన్సుగా ఇచ్చి కట్టిపడేయకండి. అప్పు తీరేదాకా పనిచేసే మనిషి మనసులో ఎప్పుడూ లెక్కే తిరుగుతుంటుంది.

అత్తయ్యగారి మాటల్లో నాకు వినబడింది వేరు. ఇన్నేళ్లు తను చేసిన పనికి నెలకు పన్నెండు వేలు వెల కట్టారని ఆమెకు ఇప్పుడే తెలిసింది. ఆమెకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు కదా. మొదటి వారం ఆమెను పిలిపించండి, ఓపిక ఉంటే. బాబు ఏ కూర తింటాడో, ఎలా నిద్రపోతాడో కొత్తామెకు ఆమె చెప్పాలి. మీరు చెబితే పని అప్పజెప్పినట్టుంటుంది, ఆమె చెబితే పిల్లల్ని అప్పజెప్పినట్టుంటుంది. ఆ వారంలో మీరూ రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి.

అన్నీ కుదిరాక ఒక రోజు వస్తుంది. బాబు కిందపడి, మీరు ఎదురుగా ఉన్నా ‘పెద్దమ్మా’ అని ఏడుస్తూ ఆమె దగ్గరికి పరిగెత్తుతాడు. మా ఇంట్లో అది జరిగింది. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్లు. నేను వంటగదిలోకి వెళ్లి స్టవ్ తుడిచాను, తుడిచిందే తుడిచాను. ఆ కోపంలో మర్నాడు ఆమెను ఉప్పు ఎక్కువైందని కసిరాను. ఉప్పు సరిగ్గానే ఉంది. ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్న మళ్లీ ఆ రోజు వస్తుంది మీకు. ఆ రోజు నిర్ణయం తీసుకోకండి. ఈ నెలలో కూడా తీసుకోకండి. ఒక ఒంటిపూట బడుల కాలం, ఒక వేసవి గడిచాక కూడా పిల్లలు బెంగగా ఉంటే అప్పుడు రాయండి, డబ్బు లెక్కలతో సహా మాట్లాడుకుందాం.

ఇక ఉదయగిరి పిల్ల. మీరు వద్దన్నంత మాత్రాన ఆమె బడిలోకి వెళ్లదు. వాళ్ల నాన్న ఇంకో ఇల్లు చూస్తాడు, ఒంగోలో, చెన్నయ్యో. అత్తయ్యకు ఫోన్ చేసి ఆ పిల్ల ఏ తరగతిలో ఆపేసిందో కనుక్కోమనండి. ఆ ఊరి గ్రామ సచివాలయంలో చదువు సంగతులు చూసే ఉద్యోగి, మహిళా పోలీసు ఉంటారు. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలు హాస్టల్లో ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి, ఫీజు లేదు, తిండీ పుస్తకాలూ వాళ్లవే. మధ్యలో మానేసిన పిల్లల్ని చేర్చుకోవడానికే అవి పెట్టారు. అత్తయ్య ఆ ఊళ్లోనే ఉన్నారు, వాళ్ల నాన్న ఆమె మాట వింటాడని మీ ఉత్తరమే చెబుతోంది. మోకాళ్ల నొప్పితో కూడా చేయగలిగిన పని ఇది, రెండు ఫోన్లు చాలు. ఈ వారమే అడగండి.