అరికాళ్ల దురద గురించి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

రాత్రంతా అరికాళ్లు షాబాదు బండకేసి రుద్దుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. "వేడి చేసిందిలే, మజ్జిగ తాగమన్నాను" అంది. ముప్పై ఏళ్లు కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని, ఆ మాటతో నాకూ నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగం మరిచిపోతావని రాసి పంపుతున్నాను.

ఎనిమిదో నెలలో పొట్ట సాగి దురద పెట్టడం మామూలే. నీది అది కాదు. అరచేతుల్లో, అరికాళ్లలో మొదలై, రాత్రి ముదిరి, గోకిన గీతలు తప్ప దద్దుర్లు లేకపోతే కాలేయాన్ని అనుమానించాలి. గర్భంలో పెరిగే హార్మోన్ల వల్ల కొందరికి పిత్తం కాలేయంలోంచి సరిగా జారదు, రక్తంలో చేరుతుంది. కళ్లు పచ్చబడితే చూద్దామనుకోకు, చాలామందికి పచ్చబడవు.

నా రెండో కడుపప్పుడు దువ్వెనతో గోక్కుంటే దుప్పటికి రక్తపు మరకలయ్యేవి. మా అమ్మ వేపాకు నీళ్లు పోసింది. కాన్పయిన నాలుగు రోజులకే దురద మాయమైంది. ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు, నా సంగతి డాక్టరమ్మకు తప్పకుండా చెప్పు.

రక్తంలో చేరిన పిత్తామ్లాలు కొలిచే బైల్ యాసిడ్స్, కాలేయం పనితీరు చూసే ఎల్‌ఎఫ్‌టీ, ఈ రక్తపరీక్షలు రెండూ రాయించుకో. మొదటిది అన్ని ల్యాబుల్లో చేయరు, ఫలితానికి రోజులు పడుతుంది. మామూలుగానే వచ్చినా దురద తగ్గకపోతే వారానికి మళ్లీ చేయించాలి. హెపటైటిస్ పరీక్షలు, బీపీ కూడా చూపించుకో. బైల్ యాసిడ్స్ లీటరుకు 40 మైక్రోమోల్స్ లోపుంటే అంత బెంగ అక్కర్లేదు. 100 దాటితే మాత్రం బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం ఉంది, 36 వారాలకే కాన్పు చేద్దామంటారు. అప్పుడు ముహూర్తాల మాట ఎవరూ ఎత్తకూడదు.

ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాయవచ్చు. దురద కాస్త తగ్గుతుందేమో గానీ, అవి బిడ్డకు రక్షణ ఇస్తున్నట్టు 2019లో బ్రిటన్‌లో వెలువడ్డ పెద్ద పరిశోధనలో తేలలేదు. మాత్ర వేసుకుంటున్నామని రక్తపరీక్షలు మానకు. కామెర్లకు పసరు మందని మీ అత్తగారు అంటే, పెద్దమ్మ వద్దందని నెపం నా మీద పెట్టి తప్పించుకో.

బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పి, వాంతులు, కుడి డొక్కలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయించు.

రేపు పొద్దుటి పరకాల బస్సుకే హనుమకొండ రా. పరగడుపున ఉండక్కర్లేదు, తిని బయలుదేరు. పాత రిపోర్టులన్నీ తెచ్చుకో. బస్టాండుకు పెదనాన్న వస్తారు. గోళ్లు మాత్రం ఈ రాత్రే కత్తిరించుకో.

మీ పెద్దమ్మ