అబ్బాకు పిడికెడు మట్టి వేయలేకపోయాను

ప్రశ్న: మా అబ్బా పోయి 26 రోజులైంది. నేను వేరే దేశంలో ఉద్యోగం చేస్తున్నాను. కబురందిన సాయంత్రానికే ఖననం అయిపోయింది, నేను ఇల్లు చేరింది మర్నాడు రాత్రి. పది రోజులుండి తిరిగొచ్చేశాను. ఆయనతో చివరిసారి ఫోన్‌లో మాట్లాడింది కూడా పోట్లాటే. నాకు నమాజు తప్పి ఏళ్లయింది, అరబ్బీ దువాలు (ప్రార్థనలు) రావు. ‘జనాజాకే (అంత్యక్రియలకే) అందలేదు, కనీసం 40వ రోజు ఘనంగా చేయించు’ అంటున్నారు భాయీజాన్ (అన్నయ్య). అబ్బా ఒక స్నేహితుడికి బాకీ ఉన్నారు. అది తర్వాత చూద్దామంటున్నారు. ఏం చేస్తే అబ్బాకు చేరుతుంది?

జవాబు: ముందు ఆ పిడికెడు మట్టి సంగతి. జనాజాను ఆలస్యం చేయవద్దన్నది ప్రవక్త (స) మాట. మీ కోసం ఆపలేదని భాయీజాన్ మీద గానీ, అందుకోలేదని మీ మీద మీకు గానీ కోపం అక్కర్లేదు. జనాజా నమాజు ఫర్జె కిఫాయా, అంటే కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది. అందులో రుకూ (నడుం వంచడం) లేదు, సజ్దా (నుదురు నేలకు ఆనించడం) లేదు. నిలబడి నాలుగు తక్బీర్లు (‘అల్లాహు అక్బర్’ అనడం) చెబుతారు, మూడోదాని తర్వాత పోయినవారి మన్నింపు కోసం దువా చేస్తారు. అదంతా అబ్బాకు జరిగింది. మీరు లేనందుకు ఆ దువాకు వచ్చిన లోటేమీ లేదు.

ఇక మీలాగే ఊళ్లో లేనప్పుడు తల్లిని పోగొట్టుకున్న ఒకాయన కథ హదీసుల్లో (ప్రవక్త మాటలు, చేతల కథనాల్లో) ఉంది. పేరు సాద్ బిన్ ఉబాదా (రజి). తిరిగొచ్చాక ప్రవక్త (స) దగ్గరికి వెళ్లి, ‘నేను లేనప్పుడు మా అమ్మ పోయింది, ఆమె పేరిట దానం చేస్తే ఆమెకు మేలు కలుగుతుందా?’ అని అడిగారు. అవునన్నారు. అక్కడికక్కడే తన తోటను తల్లి పేరిట దానమిచ్చేశారు సాద్. నాకు ఇందులో నచ్చేది తోట కాదు, ప్రశ్న. ‘నేనెందుకు లేకపోయాను’ అని ఆయన అడగలేదు. మీరు రాసిన ఆఖరి వాక్యమూ సాద్ ప్రశ్నే.

దువా విషయానికొస్తే, నమాజులో కాకుండా విడిగా చేసే దువాకు అరబ్బీయే రావాలని లేదు. మీకు వచ్చిన భాషలో, వచ్చినట్టు అడగండి. ఒక్క వాక్యం మాత్రం నేర్చుకోండి, చిన్నది: ‘రబ్బిర్‌హమ్‌హుమా కమా రబ్బయానీ సగీరా’. ఖురాన్ 17వ సూరా (అధ్యాయం), 24వ ఆయత్ (వాక్యం). ‘ప్రభూ, పసితనంలో వీరు నన్ను పెంచినట్టే వీరి మీద కరుణ చూపు’ అని భావం. అమ్మానాన్నలిద్దరికీ కలిపి ఒకే దువా. మీ పోట్లాట ఆ ఒక్క ఫోన్‌ది. ఈ దువాలో లెక్కకొచ్చేది మిమ్మల్ని ఎత్తుకు తిరిగిన ఏళ్లు. మనిషి పోయాక కర్మలన్నీ ఆగిపోతాయి, మూడు తప్ప అన్న హదీసు వినే ఉంటారు: కొనసాగే దానం, పనికొచ్చే విద్య, తల్లిదండ్రుల కోసం దువా చేసే మంచి సంతానం. ‘మంచి’ అన్న మాట దగ్గర మీరు ఆగిపోతారని తెలుసు. ఏళ్ల తరబడి తప్పిన నమాజు మళ్లీ మొదలుపెట్టడానికి తండ్రి మీద బెంగ చెడ్డ కారణమేమీ కాదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మీరు ఒక్క ముక్కలో దాటేసిన బాకీ. ఒకసారి ఒక జనాజా వస్తే, ఇతనికి అప్పుందా అని ప్రవక్త (స) అడిగారు. ఉందని తెలిసి, అక్కడున్నవారితో మీరే నమాజు చేయండన్నారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తన మీద వేసుకున్నాకే ఆయన నమాజు చేశారు. వారసత్వ వాటాలు కూడా అప్పు తీరాకే అని ఖురాన్ చెబుతోంది. 40వ రోజు జరపాలా వద్దా అన్నదానిపై ఆలిముల్లో (మత పండితుల్లో) భేదాభిప్రాయాలున్నాయి. నేను ముఫ్తీని (మత విషయాల్లో తీర్పు చెప్పే పండితుణ్ని) కాను, అందులో తలదూర్చను. అప్పు తీర్చాలన్నదాంట్లో మాత్రం ఎవరికీ రెండో మాట లేదు. అబ్బా వదిలివెళ్లిన సొమ్ములోంచి ముందు అది తీర్చండి, చాలకపోతే మీ ఇద్దరూ కలిపి వేయండి. ఆ స్నేహితుడు మాఫీ చేస్తానంటే అది ఆయన దయ, మీరుగా ఆశించకండి.

భాయీజాన్‌తో వాదానికి దిగవద్దు. జనాజాను భుజాన మోసింది ఆయన. ‘ఘనంగా’ అనడంలో ఆయన దుఃఖమూ కొంత ఉండొచ్చు, నలుగురూ ఏమంటారోనన్న భయమూ ఉండొచ్చు. ‘భాయీజాన్, నేను పంపే డబ్బుతో ముందు అబ్బా అప్పు తీర్చేద్దాం, మిగిలింది అబ్బా పేరిట ఏం చేద్దామో మీరే చెప్పండి’ అనండి.

మీ ఉత్తరంలో అమ్మీ ఊసే లేదు. ఆవిడ ఉంటే ఇప్పుడు ఇద్దత్‌లో (భర్త పోయాక భార్య పాటించే గడువులో) ఉంటారు, 4 నెలల 10 రోజులు. ఈ రాత్రే ఫోన్ చేయండి. ఆ పోట్లాట తర్వాత ఫోన్ పెట్టేసి అబ్బా ఏమన్నారో, అసలేమన్నా అన్నారో లేదో, ఆవిడకే తెలిసి ఉంటుంది.