చీకటిలో గుడ్లగూబ వేట

ప్రశ్న: కటిక చీకటిలో గుడ్లగూబ ఎలుకను ఎలా పట్టుకుంటుంది? అంతా చూపు మహిమేనా?

జవాబు: చూపు చురుకైనదే కానీ, బార్న్ ఔల్ అనే రకం గుడ్లగూబ విషయంలో అసలు గొప్పతనం చెవులది. దాని చెవి రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు కనుక, ఎలుక అలికిడి ఒక్కో చెవిని చేరే సమయంలోనూ తీవ్రతలోనూ కలిగే అతిస్వల్ప తేడాలను బట్టి, అది ఏ పక్కన, ఎంత కిందన ఉన్నదో మెదడు గ్రహిస్తుంది. పూర్తిగా చీకటి చేసిన గదిలోనూ అది ఎలుకను పట్టగలదని అమెరికా శాస్త్రవేత్త రోజర్ పేన్ ప్రయోగాలు నిరూపించాయి. నాకు అంతకంటే అద్భుతమనిపించేది ఆ రెక్కల నిశ్శబ్దం: ముందంచున దువ్వెన పళ్లలా ఉండే ఈకల కొసలు, పైనున్న మెత్తని నూగు గాలి చప్పుడును అణచివేయడం వల్ల ఎలుకకు రాక తెలియదు, గుడ్లగూబ వినికిడికీ అడ్డు ఉండదు.

నైట్‌జార్ అనే రాత్రి పక్షుల దారి వేరు. కంటి లోపల కాంతిని తిరిగి ప్రతిఫలించే పొర సాయంతో మసక వెలుతురులో చూస్తూ, వెడల్పాటి నోటితో ఎగిరే పురుగులను గాలిలోనే పట్టేస్తాయి.